బతికున్నవాడికి కట్టిన శోకం

గంగాభవాని ఫోన్ చేస్తోందంటే చాలు, దుబాయ్ పక్కన అజ్మాన్ నుంచి జెబెల్ అలీ దాకా ఉన్న గోదారోళ్ళకి గుండె గుభేలుమనేది. పేరు వెలగ్గానే కొందరు ఫోన్ బోర్లా పెట్టేసేవారు. ఇంకొందరు దేవుడికి ఓ దణ్ణం పెట్టుకుని గాని ఎత్తేవారు కాదు. ఇంతా చేసి ఆవిడ చేసిన పాపమేమిటయ్యా అంటే పాటలు కట్టడం. మా మనిషి పోయాడు, మా వాడికీ ఒక పాట కట్టమ్మా అని కాళ్ళావేళ్ళా పడిందీ వీళ్ళే, కట్టి పాడాక ఆవిడ నీడ చూసి జడుసుకున్నదీ వీళ్ళే. పాడె మొయ్యడానికి రమ్మని పిలిచినవాడే తర్వాత మైల అంటాడు, లోకం తీరే అంత.

భవానిది కోరంగి పక్కన, మడ అడవిని ఆనుకుని ఉన్న ఊరు. ఆవిడ మామ్మ శోకాలకి పెట్టింది పేరు. ఎవరింట్లో మనిషి పోయినా ముసలమ్మ వెళ్ళి శవం పక్కన కూచునేది. పోయినవాడికి ఏ కూర ఇష్టం, ఎవర్ని ఏమని ముద్దుగా పిలిచేవాడు, ఎవరితో మాటలు మానేసి అలాగే వెళ్ళిపోయాడు, అన్నీ రాగంలో పెట్టి పాడుతుంటే పగవాడు కూడా తుండుగుడ్డతో కళ్ళు తుడుచుకునేవాడు. తొంభై ఆరు తుఫానుకి వేటకెళ్ళిన మగాళ్ళు తిరిగి రానప్పుడు గొంతు పోయేదాకా పాడింది. అయినా శవం కళ్ళబడితేనో, దినం రోజు వస్తేనో తప్ప ముసలమ్మ నోరు విప్పేది కాదు. పక్కన కూచుని వంత పాడే మనవరాలికి రెండే రెండు మాటలు చెప్పింది. బతికున్నోడి పేరు శోకంలో పెట్టకూడదు, పెడితే ఆ శోకం మనిషిని వెతుక్కుంటూ పోద్ది. రెండోది, ఒక మనిషికి ఒకటే శోకం. ఒకసారి పాడేశాక మళ్ళీ పాడాలన్నా ఆ మనిషికి ఇంకేమీ మిగలదు.

ఆ తుఫానులోనే సత్తిబాబు తండ్రి పోయాడు. సత్తిబాబంటే భవాని మొగుడు, ఓలేటోరి పిల్లాడు. అన్నవరం దేవుడి పేరు చెక్కుచెదరకుండా వీరవెంకటసత్యనారాయణ అని పెట్టారు గాని, అంత పేరు పిలిచే ఓపిక ఎవరికుంటుంది, సత్తిబాబే అయిపోయాడు. తండ్రి పోయేనాటికి చెల్లెలు దేవి పాలుతాగే పిల్ల. చెల్లెల్ని భుజాన వేసుకుని పెంచాడు. గంగపుత్రుల ఇంట్లో పుట్టి కూడా నీళ్ళంటే చచ్చే భయం, మడమ తడిస్తే వెనక్కొచ్చేసే రకం. పడవెక్కరా అంటే, మా నాన్న ఎక్కాడు చాల్లేదా అనేవాడు. అంత భయం ఉండబట్టే బతికి బట్టకట్టాడని భవాని ఎప్పుడూ అనుకునేది.

మొగుడూ పెళ్ళాం ఇద్దరూ దుబాయ్ వచ్చారు. దుబాయ్ అంటే దుబాయ్ కాదు, మనవాళ్ళకి అక్కడ ఏ ఊరైనా దుబాయే. భవానికి అజ్మాన్‌లో ఒక అరబ్బుల ఇంట్లో వంట పని. సత్తిబాబుకి ఆ చివర, కొండలు దాటాక, కల్బాలో చేపల మార్కెట్టులో చేపలు కోసే పని. కల్బాలో కూడా మడ చెట్లున్నాయే, అచ్చం మన ఊరిలాగే ఉందే అని వచ్చిన కొత్తలో సంబరపడిపోయి ఫోన్ చేశాడు. ఒకే దేశంలో ఉండి నెలకోసారి కలుసుకునే కాపురం వాళ్ళది.

భవాని వంటింట్లో నిలబడి పాట కట్టని వస్తువు లేదు. మేడమ్ బరువు తగ్గాలని పస్తుండి రాత్రిపూట ఖర్జూరాలు తినడం మీద ఒక పాట. వాషింగ్ మిషన్ మీద ఒకటి. సత్తిబాబు కోసే చేపల పేర్లన్నీ కలిపి, పొలుసులు గీస్తూ పాడుకోడానికి ఒకటి. అవన్నీ ఫోన్‌లో పాడి తబితకి పంపేది. తబిత నర్సాపురం వైపు క్రైస్తవుల పిల్ల, అజ్మాన్ ఆసుపత్రిలో నర్సు. నూనె పడి చెయ్యి కాలినప్పుడు కట్టు కట్టించుకోడానికి వెళితే పరిచయమైంది, కట్టు ఊడేలోగా అక్కాచెల్లెళ్ళయిపోయారు. భవాని పాటలన్నీ నెట్‌లో పెట్టి నలుగురికీ వినిపించింది తబితే. వినేవాళ్ళు విన్నారు, నవ్వుకున్నారు, మర్చిపోయారు.

అంతలో రెండువేల ఇరవై వచ్చింది. జెబెల్ అలీ కూలీల క్యాంపులో పెయింటు పని చేసే అప్పాజీ అనే కుర్రాణ్ణి అంబులెన్సు ఎక్కించారు, అంతే, మళ్ళీ ఎవరికీ కనపడలేదు. వాడి తల్లి పాపాయమ్మ తాళ్ళరేవు దగ్గర ఇంట్లో కూచుని, శవం లేదు, బూడిద లేదు, పక్కింటివాళ్ళు కూడా గడప తొక్కరు, నా కొడుకు కోసం రాగం తీసేవాళ్ళే లేరు అని ఏడ్చిన ఏడుపు ఆ నోటా ఈ నోటా భవాని దాకా వచ్చింది. భవాని ఆవిడకి ఫోన్ చేసి, మీ వాడికి ఏం ఇష్టం, వెళ్ళేటప్పుడు ఏమన్నాడు అని అడిగి తెలుసుకుంది. దినం రోజున, మేడమ్ వాళ్ళు పడుకున్నాక, బట్టలు ఉతికే గదిలో తలుపేసుకుని పాడి పంపింది. పెసరట్టు మీద అల్లం లేదని అలిగిన కొడకా అని మొదలవుతుంది. ఇంతకాలానికి నా కొడుకు పోయాడని నాకు నమ్మకం కుదిరిందమ్మా అని పాపాయమ్మ దీవించింది.

ఇక చూడండి. ఆ పాట ఊళ్ళన్నీ తిరిగింది, క్యాంపులన్నీ తిరిగింది. ఆ ఏడూ ఆ మరుసటేడూ పోయినవాళ్ళకి కొదవా? మా బావకి కట్టమ్మా, మా ఆయనకి కట్టమ్మా అని ఒకటే పిలుపులు. భవాని కాదనలేకపోయింది. శోకాల భవాని అని పేరు పడిపోయింది. రోగాలు తగ్గి, మళ్ళీ హాళ్ళలో పండగలు మొదలయ్యాక తెలుగువాళ్ళు ఆవిడని స్టేజీ ఎక్కించారు. తబిత దగ్గర తీసుకున్న చీర కట్టుకుని భవాని వెళ్ళి వాషింగ్ మిషన్ పాట మొదలెడితే, వెనకనుంచి ఎవడో, అది కాదమ్మా, ఏడుపు పాట పాడు అన్నాడు. బిర్యానీ తింటూ ఏడుపు పాట కావాలిట. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. నవ్వించడానికి కట్టినవి సంచీ నిండా ఉన్నాయి, ఒక్కడూ అడగడు. అయినా పాడింది. చప్పట్లు కొట్టారు. దిగి వస్తుంటే ముందు వరసలో ఒకావిడ చీర కుచ్చెళ్ళు పక్కకి లాక్కుంది, తగలకుండా.

ఇదంతా ఎలాగోలా దిగమింగుకుంటూ బండి లాగిస్తూనే ఉంది. రెండువేల ఇరవైనాలుగు మాఘమాసంలో ఒక సాయంత్రం సత్తిబాబు ఫోన్ చేసి పగలబడి నవ్వుతూ, ఈవాళ నన్ను కాకి తన్నిందే అన్నాడు.

కల్బా మార్కెట్టు దగ్గర కాకులకి లెక్కలేదు. అవి కూడా మనలాగే మన దేశంనుంచి ఓడలెక్కి వచ్చినవేనంట, ఇక్కడ తిని బలిశాయి. చేప పేగుల తొట్టి పట్టుకుని వెళ్తుంటే ఒకటి వచ్చి నెత్తిమీద గోళ్ళతో గీరి పోయిందిట. పేగులకోసం వచ్చిందిలే అని సత్తిబాబు అన్నాడు.  భవాని చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. కాకి నెత్తిన తన్నితే యముడు గుర్తు పెట్టుకున్నట్టేనని మామ్మ అనేది.

ఆదివారం నాడు మళ్ళీ తన్నింది. ఆ తర్వాత కత్తి జారి బొటనవేలు తెగింది. వేలు మానుతుండగా జ్వరం వచ్చింది. ఇవన్నీ చేపలు కోసేవాడికి మామూలేనని తబిత చెప్పింది, మందులు చెప్పింది, ఏదో కీర్తన కూడా చదివింది. కీడెంచి మేలెంచమన్నారు కదమ్మా అని భవాని ఒకటే గొడవ. నిద్ర ఎగిరిపోయింది. ఉప్పు వేసిందో లేదో మర్చిపోయి రెండుసార్లు వేసి మేడమ్ చేత తిట్లు తింది. ఉన్న ఒక్క మనిషి, పిల్లలు లేని కాపురంలో ఆవిడకి ఊరూ వాడా వాడే.

కాకి దోషానికి మన పక్క ఒక విరుగుడు ఉంది, పాతకాలం వాళ్ళకి తెలుసు. తన్నించుకున్నవాడు చచ్చిపోయాడని బాగా దగ్గరివాళ్ళకి దొంగ కబురు పంపుతారు. వాళ్ళు గుండెలు బాదుకుని నిజంగా ఏడవాలి. ఏడ్చారంటే ఆ చావు అక్కడితో తీరిపోయినట్టే, యముడి పద్దులో ఆ పేరు కొట్టేసినట్టే. కబురు మోసుకెళ్ళిన మనిషి అక్కడే అరుగుమీద కూచుని, వాళ్ళు ఒక ఏడుపు ఏడవగానే లేచి, ఏమీ లేదు తల్లీ, కాకి తన్నింది, అంతే అని చెప్పి మంచినీళ్ళు తాగి వస్తాడు. అందరూ తిట్టుకుంటారు, నవ్వుకుంటారు, ఖలాస్.

సత్తిబాబుకి నిజంగా దగ్గరిది దేవి. కాకినాడలో కాపురం, ఇద్దరు పిల్లల తల్లి, అన్నయ్య అంటే ప్రాణం. అయితే ఉట్టినే ఫోన్ చేసి చెబితే దేవి నమ్మే ఘటం కాదు. ఏడీ, ఎప్పుడు, నాకు ఫోన్ ఇవ్వు అంటుంది. భవాని పాట వచ్చిందంటే మాత్రం మనిషి పోయినట్టేనని ఈపాటికి జిల్లా అంతా ఎరుగుదురు. నమ్మించాలంటే అదొక్కటే దారి. మామ్మ మాట గుర్తు రాకేం, వచ్చింది. బతికున్నోడి పేరు శోకంలో పెట్టకు. కానీ ఇది చంపడానికి కాదుగా, బతికించుకోడానికేగా అని తనకి తనే సర్దిచెప్పుకుంది. మనసు ఒకటి కావాలనుకుంటే బుద్ధి ప్లీడరైపోతుంది.

బట్టల గదిలో తలుపేసుకుని ఫోన్ ముందు కూచుంది. గుండె ఆగి పోయాడని చెబుదామనుకుంది. తీరా రాగం ఎత్తి, వాడి ఇష్టాలూ అలకలూ పాడి చివరికొచ్చేసరికి గుండె మాట పోయి పాటలోకి నీళ్ళ మాట వచ్చేసింది.

*ఓలేటోరింటి దీపమా, ఒడ్డు దాటని నావా,*
*మడమ తడిస్తే మళ్ళొచ్చే మా రాజువు కదయ్యా,*
*ఏ నీరు నిను పిలిచె, ఏ రేవు నిను దాచె,*
*చెల్లెలికి చెప్పకుండా చెప్పులిడిసి పోతివా.*

పాటలోకి నీళ్ళు ఎందుకొచ్చాయో ఆవిడకే తెలీదు. చెరిపేసి మళ్ళీ కడదామనుకుంది, చెయ్యి రాలేదు. ఎందుకంటే పాట బాగుంది. అన్నాళ్ళూ కట్టినవాటిలో అంత బాగా కుదిరింది ఇంకోటి లేదు. సిగ్గుచేటైన మాటే గాని, తన మొగుడి శోకం తనే వింటూ ఆ గదిలో ఆవిడ కాసేపు మురిసిపోయింది. తర్వాత ఒళ్ళు జలదరించింది. తర్వాత పంపింది.

దేవి విని ఇంటి నడవలో కూలబడి పెట్టిన కేకకి వీధి వీధంతా వచ్చింది. కాసేపటికే భవాని ఫోన్ చేసి అసలు సంగతి చెప్పేసింది. దేవి పట్టరాని కోపంతో నానా మాటలూ అని, అన్నయ్యతో మాట్లాడి, ఏడ్చి, నవ్వి, వాళ్ళ వీధి మొదట్లో గుడికి కొబ్బరికాయ కొట్టడానికి వెళ్ళింది. విరుగుడు పనిచేసింది. జ్వరం తగ్గింది. కాకులు మార్కెట్టు కప్పుమీదే ఉన్నాయి గాని సత్తిబాబు జోలికి రాలేదు.

కానీ పాతకాలంలో కబురు మోసుకెళ్ళేవాడు ఒక మనిషి. అరుగు మీంచి లేచి అబద్ధమని చెప్పి, ఆ కబురు తనతోనే వెనక్కి తీసుకుపోయేవాడు. ఫోన్‌లో పంపిన పాటకి కాళ్ళు వస్తాయిగాని వెనక్కి నడవడం రాదు. నిజం తెలిసేలోగానే దేవి ఏడుస్తూ దాన్ని మేనమామకి పంపింది, ఆయన ఇంకెవరికో పంపాడు. మర్నాటికి దుబాయ్ గ్రూపులన్నింట్లో సత్తిబాబు పోయాడు. పాపం భవాని, తన మొగుడికి తనే పాడుకుంది చూడండి అని అందరూ దణ్ణాల బొమ్మలు పెట్టారు. అబద్ధమని భవాని చెప్పుకోలేక చచ్చింది. దేవి దగ్గర ఉన్నది చెరిపించింది, సత్తిబాబు దగ్గరది చెరిపించింది, ఊరిమీద ఉన్నదాన్ని ఎవరు చెరపగలరు?

సత్తిబాబుకి మాత్రం ఇదంతా పండగైపోయింది. పరామర్శకి ఫోన్ చేసినవాళ్ళకి తనే ఎత్తి, ఆయ్, చచ్చిపోయిన సత్తిబాబునే మాట్లాడతన్నానండీ అని నవ్వేవాడు. ఆ నవ్వొకటి ఉండేది వాడికి, ముందు దగ్గులా మొదలై తర్వాత ఊపిరాడనంతగా సాగేది, పక్కవాళ్ళు కూడా నవ్వి తీరాలి. మెల్లగా నవ్వుతో బాటు ఇంకోటి మొదలైంది. ఒక శుక్రవారం కల్బా సముద్రంలోకి నడుము లోతు దిగి ఫోటో తీయించుకుని పంపాడు. అది చూసి దేవి ఆనందపడింది. భవానికి చెమటలు పట్టాయి. ఎందుకు దిగావయ్యా అంటే, నా చావు అయిపోయిందిగా, ఇంకెందుకే భయం అన్నాడు. నీళ్ళంటే భయపడే మనిషిని ఆవిడ ఆ బట్టల గదిలో పాడి సాగనంపేసిందని అప్పుడైనా తట్టాలి. తట్టింది కూడా. ఏం చెయ్యాలో తెలీలేదు.

ఉగాది వెళ్ళాక వచ్చిన ఆదివారం అజ్మాన్ హాల్లో తెలుగువాళ్ళ వేడుక. సత్తిబాబు సెలవు పెట్టుకుని వచ్చి, కొత్త చొక్కా వేసుకుని మొదటి వరసలో కూచున్నాడు. భవాని చేపల పాట పాడింది. ఎవడో లేచి, సత్తిబాబు శోకం పాడమ్మా, మనిషి ఎదురుగానే ఉన్నాడుగా అన్నాడు. హాలు హాలంతా గొల్లుమంది. పాడనంటే పాడనని ఆవిడ మైకు పెట్టేసింది. అప్పుడు లేచాడు సత్తిబాబు.

"పాడవే. నా శోకం నేనే వినే అదృష్టం ఎవడికుంటాదే?" అన్నాడు.

ఒక మనిషికి ఒకటే శోకం. ఆవిడ తబిత వైపు చూసింది. తబిత తల అడ్డంగా ఊపింది. జనం చప్పట్లు మొదలెట్టారు, ఆపరు. మొగుడు చేతులు జోడించి, మెడ పక్కకి వాల్చి, నాలుక బయటపెట్టి శవంలా నటిస్తూ కూచున్నాడు. పాడింది. మొదటి చరణానికి నవ్వారు, రెండో చరణానికి ఎవరూ నవ్వలేదు. చెప్పులిడిసి పోతివా అని ముగించేసరికి హాల్లో ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ నిశ్శబ్దంలో సత్తిబాబొక్కడే దగ్గులా మొదలెట్టి నవ్వాడు. ఊపిరాడనంతగా నవ్వాడు. పక్కవాడి ఫోన్‌లో తీయించిన ఆ వీడియోని అక్కడినుంచే చెల్లెలికి పంపాడు.

మంగళవారం పొద్దున్నించీ ఆకాశం అదోరకంగా ఉంది. మధ్యాహ్నానికి పాచి పట్టినట్టు ఆకుపచ్చగా మారింది, అలాంటి రంగు ఆకాశానికి ఉంటుందని భవాని ఎరగదు. ఎవరూ బయటికి రావద్దని ఫోన్లలో హెచ్చరికలు గీపెడుతున్నాయి. ఎడారిలో వాన ఏమిటి, అదీ కుండపోత. వంటింటి గుమ్మం కిందనుంచి నీళ్ళు లోపలికి వస్తుంటే మేడమ్ యల్లా యల్లా, త్వరగా త్వరగా అని అరుస్తోంది, భవాని మోకాళ్ళమీద కూచుని దుప్పట్లు అడ్డం పెడుతోంది. అప్పుడు మోగింది ఫోన్.

సత్తిబాబు. కల్బా చేప షార్జా పంపాలి, కరెంటు పోయి మంచు కరిగిపోతోంది, ఇప్పుడే బండి తియ్యండని ముదీర్, అదే మేనేజరు, ఒకటే ఒత్తిడి. బండి తోలే పఠాను హబీబుల్లా కొండల్లోంచి వాగు దిగుతుంది, నేను రానని మొరాయిస్తున్నాడు. నేను తోడు వస్తాను పదరా, నాతో ఉంటే నీకేం కాదు, నేను పోయి వచ్చినోణ్ణి అని సత్తిబాబు వాణ్ణి ఒప్పించాడట. ఇదంతా నవ్వుతూ చెప్పి, చివర్లో మాత్రం కొంచెం ఆగాడు.

"బవానీ, ఎల్లమంటావా?" అన్నాడు.

మేడమ్ అరుస్తోంది. నీళ్ళు దుప్పటి దాటేశాయి. అలా ఆగిన మాటలో పాత సత్తిబాబు, మడమ తడిస్తే వెనక్కొచ్చే సత్తిబాబు ఉన్నాడని ఆవిడకి తర్వాత ఎన్నోసార్లు అనిపించింది. వద్దు అనే ఒక్క మాటకోసం ఫోన్ చేశాడు. ఆవిడ ఒక చేత్తో నీళ్ళు తోస్తూ, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని, నిజంగా నమ్మే చెప్పింది.

"గండం గడిచిపోయిందిగా. ఎల్లిరా. జాగర్త."

ఆ తర్వాత ఫోన్ కలవలేదు.

మర్నాడంతా కలవలేదు. వానకి ఫోన్లు పనిచెయ్యట్లేదని తబిత చెప్పింది, రోడ్లన్నీ చెరువులయ్యాయని చెప్పింది. భవాని అందరికీ ఫోన్ చేసింది, ఎవరూ ఎత్తలేదు. గ్రూపుల్లో మాట్లాడి పెట్టింది. మా ఆయన కనపడ్డం లేదు, కల్బా వైపు ఉన్నవాళ్ళు ఎవరన్నా చూడండయ్యా, మీ కాళ్ళు పట్టుకుంటాను అని. వచ్చిన జవాబులు ఏమిటంటారు? నవ్వు బొమ్మలు. ఈసారి ఏ రాగం అక్కా అని ఒకడు. కొత్త పాట రిలీజా అని ఇంకొకడు. అందులో అప్పాజీ క్యాంపువాళ్ళు కూడా ఉన్నారు. భవాని ఫోన్ నేలకేసి కొట్టబోయి, మళ్ళీ సత్తిబాబు చేస్తాడేమోనని ఒళ్ళో పెట్టుకుంది.

హబీబుల్లా దొరికాడు. వాగు ఒడ్డున ఒక తుమ్మచెట్టుని పట్టుకుని వేలాడుతుంటే పోలీసులు దింపారు. బండి కొట్టుకుపోతుంటే సత్తిబాబు తలుపు తీసి తనని బయటికి తోశాడని, తను వెనక్కి చూసేసరికి బండి లేదని ఆసుపత్రిలో హిందీలో చెప్పి ఏడ్చాడు. ఆ మర్నాడు శవం దొరికింది. తబిత నర్సు బట్టల్లోనే వచ్చి భవానిని ఆసుపత్రి శవాల గదికి తీసుకెళ్ళింది. బొటనవేలి మీద కత్తి గాటు చూసి భవాని అవునంది. కాళ్ళకి చెప్పులు లేవు.

దేవికి చెప్పాలి. ఆ గదిలోంచే, గోడకానుకుని నిలబడి ఫోన్ చేసింది. దేవీ, మీ అన్నయ్య పోయాడు అంది.  అటునుంచి నవ్వు. అచ్చు అన్నయ్య నవ్వే.

"ఏం వదినా, మళ్ళీ కాకి తన్నిందా?"

 ఈసారి నేను ఏడవను, దొంగ కబురుకి రెండోసారి ఏడిస్తే నిజమైపోద్దంట, మా అత్తగారు చెప్పింది అంది దేవి. నిజమైతే పాట పాడి పంపేదానివిగా, ఏదీ పాట అంది. తబిత ఫోన్ తీసుకుని, అమ్మా, నేను నర్సుని, మీ అన్నయ్యగారి బాడీ ఇక్కడే ఉంది అని మెల్లగా, ఓపిగ్గా చెప్పింది. దేవి అంతా విని, మీరెవరోగాని వదిన బాగా నేర్పిందండీ అంది. ఆ మాటల్లో నవ్వు తగ్గి వణుకు మొదలైంది. అయినా ఏడవలేదు. ఏడిస్తే అన్నయ్య నిజంగా పోతాడని పళ్ళ బిగువున పట్టుకుంది, పిచ్చిది.

విమానాలు సర్దుకుని, కాగితాలు తేలి, శవం పెట్టెతో భవాని కాకినాడ రోడ్డెక్కేసరికి చాలా రోజులు పట్టింది. అప్పటిదాకా ఎవరు చెప్పినా దేవి నమ్మలేదు. పెట్టెని కోరంగి పక్క పాత ఇంటి వాకిట్లో దింపారు. ఊరంతా వచ్చింది. పాపాయమ్మ తాళ్ళరేవునుంచి ఆటో కట్టించుకుని వచ్చి, నా కొడుకుకి పాడిన తల్లివి, నీ మొగుడికి పాడుకో అమ్మా, గుండె దిగుతుంది అంది. జనం నోళ్ళు మూసుకుని ఎదురుచూశారు.

భవాని పెట్టె పక్కన కూచుంది. నోరు తెరిచింది. ఏ కూర ఇష్టం, ఏమని పిలిచేవాడు, ఏం అలిగాడు, అన్నీ పాడేసింది, బట్టల గదిలో ఒకసారి, హాల్లో ఒకసారి. ఏ నీరు పిలిచిందో కూడా ముందే చెప్పేసింది. కొత్తగా చెప్పడానికి మిగిలింది ఎల్లిరా అన్న తన మాటొక్కటే. దానికి రాగం రాలేదు. నోరు అలా తెరిచి ఉండిపోయింది, చప్పుడు లేదు.

అప్పటిదాకా స్తంభానికానుకుని నిలబడిన దేవి వచ్చి, పెట్టెకి అటుపక్క కూచుని, కొంగులోంచి ఫోన్ తీసింది. మా అన్నయ్య పాట లేకుండా పోకూడదు అంది. ఆమె దగ్గర మిగిలింది అజ్మాన్ హాలు వీడియో ఒక్కటే. పెట్టె మీద పెట్టి నొక్కింది. భవాని గొంతు వాకిలంతా వినిపించింది, మంచి గొంతు, మైకులో ఇంకా బాగుంది. ఒడ్డు దాటని నావా అనేసరికి ఆడవాళ్ళు గొల్లుమన్నారు. చెప్పులిడిసి పోతివా అని అయిపోయింది. తర్వాత ఫోన్‌లో ఆ నిశ్శబ్దం వచ్చింది. ఆ తర్వాత దగ్గులా మొదలై, సాగి సాగి, ఊపిరాడనంతగా సత్తిబాబు నవ్వాడు.

వాకిట్లో ఏడుపులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. భవాని చెయ్యి చాపి ఫోన్ ఆపబోయింది. దేవి ఆ చెయ్యి పట్టేసుకుంది.

"ఉండు వదినా," అంది. "అన్నయ్య నవ్వుతున్నాడు."